మగవాళ్ల వైపు ఖాళీ బెంచీలు

తిరుపతిలో మా చర్చి. సంఘ కమిటీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఆదివారం ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద మాట మొదలైంది. అత్త రిటైరైన టీచరు, స్త్రీల సమాజంలో ఏళ్ల తరబడి పనిచేసింది. అల్లుడు, అంటే ఆమె అన్న కొడుకు, కమిటీ కార్యదర్శి. నేను టీ గ్లాసు పట్టుకుని మధ్యలో కూర్చున్నాను, ఎవరి వైపూ కాదనుకుంటూ.

అల్లుడు: అత్తా, ఈసారి కమిటీకి నిలబడతావంట?

అత్త: నిలబడితే తప్పేంట్రా?

అల్లుడు: తప్పని కాదు. ఇవాళ చూశావు కదా. ఆడవాళ్లు బెంచీలు చాలక చాపల మీద కూర్చున్నారు. మగవాళ్లు రెండు బెంచీలకు మించలేదు, అందులో సగం కమిటీవాళ్లే. ఆ కమిటీ కూడా మీరే తీసుకుంటే ఇంక మగవాళ్లు చర్చి ముఖం చూస్తారా?

అత్త: అంటే మీరంతా కుర్చీ కోసమే వస్తున్నారని నువ్వే ఒప్పుకుంటున్నావు.

(నాకు నవ్వొచ్చింది. గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.)

అల్లుడు: మాట తిప్పొద్దు. ఇది మన ఒక్క చర్చి సంగతి కాదు. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ 2016లో చాలా దేశాల లెక్కలు బయటపెట్టింది. క్రైస్తవుల్లో వారం వారం ఆరాధనకు పోయేది ఆడవాళ్లే ఎక్కువ. ముస్లింలలో మగవాళ్లు ఎక్కువ. శుక్రవారం నమాజు మగవాడి బాధ్యత అని వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బాధ్యత నెత్తిన పడితేనే మగవాడు కదులుతాడు.

అత్త: మరి ఇక్కడ మీ నెత్తిన ఏం పడింది? చర్చి కోసం రోజూ పిడికెడు బియ్యం తీసి దాచేది మేము, సండే స్కూలు మేము, ఆసుపత్రిలో పడినవాళ్ల దగ్గరికి ప్రార్థనకు పోయేది మేము. లెక్కల పుస్తకం, బీరువా తాళం మీవి. మీకు పెత్తనం ఇచ్చాం, పని ఇవ్వలేదు.

అల్లుడు: స్త్రీ పురుషుని మీద అధికారం చేయకూడదని బైబిల్లో పౌలు తిమోతికి రాయలేదా?

అత్త: రాశాడు. ఆ పౌలే రోమా పత్రిక 16వ అధ్యాయంలో ఫీబేను సంఘ పరిచారకురాలు అన్నాడు. అపొల్లో అనే బోధకుడికి దేవుని మార్గం వివరించిన ఇద్దరిలో ప్రిస్కిల్ల ఒకతె, చదువుకో. అంతదూరం ఎందుకు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు 2013లో నంద్యాలకు పుష్ప లలిత గారిని బిషప్‌ను చేశారు. మన రాయలసీమలోనే. బిషప్‌గా పనికొచ్చిన ఆడది మన కమిటీలో కోశాధికారిగా పనికిరాదా?

అల్లుడు: సి.ఎస్.ఐ. ఏర్పడింది 1947లో. అరవై ఆరేళ్లు పట్టింది కదా, మనవాళ్లకూ కొంచెం టైమ్ ఇవ్వు. ఇంకోటి చెప్తా, కోపం వద్దు. పోయినసారి ఒక అక్క నిలబడింది. ఓట్లలో సగానికి పైగా ఆడవాళ్లవే. ఆమెను ఓడించింది ఎవరు?

(అత్త కాసేపు మాట్లాడలేదు. ఆ మాట నిజం. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.)

అత్త: ఇంట్లో ఎవరికి వెయ్యమంటే వాళ్లకు వేసినవాళ్లు ఉన్నారు. నేనూ ఒకప్పుడు అట్లాగే వేశాను. అది వదిలెయ్. రాని మగవాళ్లు ఎవరు?

అల్లుడు: ఎక్కువ మంది కార్లు, ఆటోలు నడిపేవాళ్లే. శని, ఆదివారాలు కొండకు జనం. అలిపిరి, శ్రీకాళహస్తి, కాణిపాకం బాడుగలు అప్పుడే. తొమ్మిదిన్నర ఆరాధనకు వస్తే ఆ రోజు సంపాదన పోయినట్టే.

అత్త: ఆ తొమ్మిదిన్నర ఎవరు పెట్టారు?

అల్లుడు: కమిటీ.

అత్త: కమిటీలో ఒక్క డ్రైవరైనా ఉన్నాడా? అందరూ పెన్షన్ తీసుకునేవాళ్లే.

అల్లుడు: పొద్దున ఆరుకి పెడదామంటే మీరే ఒప్పుకోరు. నీళ్లు, వంట, పిల్లల స్నానాలు అంటారు.

అత్త: ఆ రోజు మగవాడు స్టవ్ వెలిగిస్తే మేమూ వస్తాం. కాదంటే వారం మధ్యలో ఒక రాత్రి పెట్టు. ముందు వాళ్లను అడిగి చూడు.

అల్లుడు: అడిగితే వస్తారని గ్యారంటీ ఏముంది?

అత్త: లేదు. నామినేషన్ ఫారాలు నీ దగ్గరే కదా? రెండివ్వు. ఒకటి నాకు, ఒకటి మా వీధి చివర ఇన్నోవా నడిపే అబ్బాయికి. భార్య ప్రతివారం వస్తుంది, వాడు ఈస్టర్‌కి తప్ప రాడు.

అల్లుడు: చర్చికే రానివాడు కమిటీకి ఎట్లా నిలబడతాడు అత్తా? రూల్సు ఒప్పుకోవు.

అత్త: సరే, ఫారం ఒకటే ఇవ్వు. వాడి ఫోన్ నంబరు మాత్రం నువ్వు రాసుకో.