గోడ గోడు ఎవరికి పట్టింది?

వసంతం వచ్చిందని అందరూ తెగ సంబరపడిపోతున్నారు. పడండి, నేనేం అడ్డు రాను. కానీ నా కిటికీ ఎదురుగా ఉన్న గోడ గురించి ఎవరైనా ఒక్క ముక్క రాస్తారేమోనని ఏళ్ల తరబడి ఎదురుచూశాను, ఎవరూ రాయలేదు, ఇక తప్పక నేనే మొదలుపెడుతున్నాను.

నా గదికి ఒకటే కిటికీ, దానికి ఎదురుగా గోడ. ఎండకీ వానకీ చలికీ దానిది ఒకటే మొహం. చిగురించాను చూడమని పిలవదు, ఆకులు రాల్చి మనసు పాడు చెయ్యదు, పుప్పొడి జల్లి తుమ్మించదు (ఈ తుమ్ముల గురించి వసంత భక్తులెవరూ ఎత్తరు, ఎత్తినా ముక్కు తుడుచుకుంటూ ఎత్తుతారు). ఇంత నిలకడైన పొరుగుని వదిలేసి, ఏడాదికి రెండు మూడు నెలలు కనిపించి జారుకునే రుతువుని నెత్తిన పెట్టుకోవడం ఏం న్యాయమండీ?

ఈ అన్యాయం ఇప్పటిది కాదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో, పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు తిరగేసి, కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మందిని, ఇటుక గోడ కనిపించిన 23 మందితో పోల్చారు. చెట్లవాళ్లు సగటున 8 రోజుల లోపే ఇంటికి వెళ్లారు, గోడవాళ్లకు 8.7 రోజులు పట్టింది. పైగా చెట్లు చూసినవాళ్లు గట్టి నొప్పి మందులు తక్కువ వాడారట, నర్సులు కూడా వాళ్ల గురించి ఫిర్యాదుగా రాసుకున్నది తక్కువేనట.

సరే పోనీ అని ఊరుకునేవాణ్ణే. కానీ వివరాల్లోకి వెళ్తే అసలు సంగతి బయటపడింది. మే 1 నుంచి అక్టోబరు 20 దాకా ఆస్పత్రిలో ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నారు, ఎందుకంటే మిగతా రోజుల్లో ఆ చెట్లకు ఆకులుండవు. చూశారా? చెట్టు ముస్తాబై నిలబడ్డ రోజుల్లో మాత్రమే పోటీ పెట్టారు. గోడ పన్నెండు నెలలూ డ్యూటీలోనే ఉంది, దానికి ఆ మార్కులు ఎవరూ వెయ్యలేదు.

1984 గోడలకు అచ్చిరాని సంవత్సరంలా ఉంది. అదే ఏడాది మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్, ఆయనతో పనిచేసినవాళ్లు కలిసి, పగలు కురచైన నెలల్లో కొందరికి వచ్చే దిగులు ఒక జబ్బేనని, పగలు పొడుగయ్యే కొద్దీ అది తగ్గుతుందని రాశారు. చికిత్సగా చాలామందికి 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దీపం ముందు రోజూ అరగంట కూర్చోమంటారు. ఆఫీసు గదిలో వెలుతురు మామూలుగా 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. బయట, నేరుగా ఎండ పడని చోట కూడా, పట్టపగలు 10,000 దాటుతుంది, అదీ ఉచితంగా. నాకిది అస్సలు నచ్చలేదు. ఉచితంగా వచ్చేదాన్ని ఎలా నమ్మడం? అందుకే నేను దీపమే కొనుక్కున్నాను, దాన్ని గోడవైపు తిప్పి పెట్టుకున్నాను.

ఇక చెట్ల సంగతి. చల్లని దేశాల్లో చాలా చెట్లు ఈ వసంతంలో విప్పే మొగ్గల్ని కిందటేడే తయారు చేసి పెట్టుకుంటాయి. చలి ఎన్ని గంటలు పడిందో లోపల లెక్క నడుస్తుంటుంది, ఆ లెక్క పూర్తికాకపోతే మధ్యలో నాలుగు రోజులు వెచ్చగా ఉన్నా సరే చాలావరకు తలుపు తియ్యవు. ఇంత అనుమానం మనిషికుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం, చెట్టుకుంటే ప్రకృతి వివేకం అంటాం. తేనెటీగల గురించి ఎక్కువ చెప్పను, ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో దాదాపు 75 శాతం రకాలు ఎంతోకొంత వాటిలాంటి జీవుల మీదే ఆధారపడ్డాయి, కాబట్టి వాటితో గొడవ పెట్టుకోవడం నా కడుపుకు మంచిది కాదు.

గాలి లెక్కలోనూ గోడకు అవమానమే. 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టారు. అప్పటినుంచీ ఏటా ఒకటే తంతు, మే నెలలో అది ఆ ఏటి గరిష్ఠానికి చేరుతుంది, ఉత్తరార్ధగోళంలో ఆకులు విప్పుకుని పీల్చడం మొదలయ్యాక తగ్గుతూ వస్తుంది. (ఏటికేడు మొత్తం మీద పెరుగుతూనే ఉంది, అది మన ఘనత, ఆకులది కాదు.) నా క్లయింటు తరఫున నాకు దొరికిన ఒకే ఒక్క శాస్త్రీయ ఆధారం ఏమిటంటే, సిమెంటు కూడా కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది. చాలా నెమ్మదిగా. కానీ పీల్చుకుంటుంది, దయచేసి రాసుకోండి.

2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేలమంది సమాధానాలు చూసి, వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని చెప్పే అవకాశం ఎక్కువని తేల్చారు. ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా లేదట. బాగున్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తారేమో అని నేను వాదించగలను, అధ్యయనం చేసినవాళ్లూ ఆ అవకాశాన్ని కొట్టిపారెయ్యలేదు. వాదనలో ఇదొక్కటే నేను గెలిచిన చోటు, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగి నీళ్లు తాగాను.

అంతా సవ్యంగానే సాగుతుండగా పది రోజుల కిందట గోడ మీద ఒక పిట్ట వాలింది. తెల్లవారకముందే మొదలుపెడుతోంది. పగలు పొడుగవడం మొదలవగానే పిట్టల ఒంట్లో హార్మోన్లు మారతాయి, చాలా జాతుల్లో మగపిట్ట పాట అందుకుంటుంది. మనం సంగీతం అనుకుంటాం గానీ అందులో సగం ఆడపిట్టకి పిలుపు, మిగతా సగం స్థలవివాదం. ఇది నా చోటు, ఇటు ఎవరూ రావద్దు అని. అంటే సాక్షాత్తూ నా గోడ మీద నిలబడి, గోడ తనదని రోజూ ఊరంతా వినేలా ప్రకటిస్తోంది! గోడకు చెవులుంటాయంటారు, అది కూడా వింటోంది కదా, ఒక్కమాట ఖండించలేదు.

అందుకని అభ్యంతరం చెప్పడానికి నేనే స్వయంగా వెళ్తున్నాను. కిటికీలోంచి సరిగ్గా వినపడట్లేదని బయటికొచ్చి, అవతల చెట్టు కింద నిలబడి మరీ చెబుతున్నాను. నిన్న 40 నిమిషాలు చెప్పాను. ఈ వారం మొత్తం కలిపితే 120 దాటింది, కానీ అది పూర్తిగా కాకతాళీయం.