నా గార్డియన్‌కి ఎం-వన్ బ్యాక్‌లాగ్ ఉంది

హాస్టల్ ఫారంలో 'లోకల్ గార్డియన్' అనే గడిని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ట్యాంక్‌బండ్ మీద విగ్రహాల వరసలో ఆయనకీ కాస్త చోటు చూడాలి.

ఈ మధ్యే ఒంగోలు నుంచి హైదరాబాద్‌కి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాను. నాకు 41 ఏళ్లు. బ్యాంకులో ఇళ్ల లోన్లు చూస్తాను. ఎవరి సంతకం చెల్లుతుందో, ఎవరిది చెల్లదో తేల్చినందుకే నాకు జీతం. ఫ్లాట్ దొరికేదాకా (ఒంటరి ఆడమనిషి ఫ్లాట్ వెతుక్కోవడం గురించి ఇంకోసారి ఏడుద్దాం) ఉందామని అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్‌కి వెళ్లాను. బోర్డు మీద 'సొంత ఇంటి వాతావరణం' అని ఉంది. అబద్ధం చెప్పలేదు పాపం. గుమ్మంలోనే ఎన్నింటికొస్తావు, సెలవు రోజు ఎక్కడికెళ్తావు అని అడిగారు. అచ్చం మా ఇల్లే.

ఓనర్ గారు ఫారం చూసి కళ్లజోడు పైకి తోసుకున్నారు. "గార్డియన్ దగ్గర ఖాళీగా వదిలేశావేంటమ్మా?"

"నాకు నేనేనండి."

"నీకు నువ్వే గార్డియన్ ఎలా అవుతావమ్మా?"

ఇంత లోతైన వేదాంతం జావా కోచింగ్ సెంటర్ మెట్ల కింద ఎదురవుతుందని నేననుకోలేదు. భర్త? విడిపోయాం. తండ్రి? పోయారు. అన్నదమ్ములు? లేరు. ఒక్కో జవాబుకీ ఆయన ముఖంలో నా విలువ పడిపోవడం తెలుస్తూనే ఉంది. తెలియకేం, లోను కోసం నా బల్ల ముందు కూర్చున్నవాళ్లని రోజూ నేను చూసే చూపే అది. ఊళ్లో ప్రాణాలతో ఉన్న మగవాడు ఒక్కడైనా కావాలన్నారు. వెతగ్గా వెతగ్గా మా అక్క కొడుకు తేలాడు.

అసలు పేరెందుకు, బుజ్జిగాడు అనుకుందాం. 19 ఏళ్లు. బీటెక్ సెకండియర్. ఎం-వన్ (ఫస్టియర్ లెక్కల పేపరు లెండి) రెండుసార్లు రాశాడు, అది వాణ్ణి రెండుసార్లూ వెనక్కి పంపింది. ఫోన్ చేస్తే "పిన్నీ, బండిలో పెట్రోల్ లేదు" అన్నాడు. 300 పంపాను. నన్ను కాపాడేవాడి దారిఖర్చులు నావేనన్నమాట. షార్టు, స్లిప్పర్లతో, హెల్మెట్ లేకుండా దిగాడు. లైసెన్సు కూడా లేదు. ఆ సంగతి మా అక్క దాకా పోనివ్వకండి.

ఓనర్ గారు లేచి నిలబడ్డారు. ఒట్టు. వాడికి కుర్చీ జరిపారు.

"రండి సార్. మేడం మీకేమవుతారు?" నేను మేడం అయింది ఆ క్షణం నుంచే. వాడి చుట్టాన్ని కదా మరి.

"మా పిన్ని."

"మేడం బాధ్యత మొత్తం మీదే కదా సార్?"

వాడు నా వైపు చూశాడు. నేను తలూపాను. "ఆ... మాదే" అన్నాడు.

"లేటుగా వస్తే మీకే ఫోన్ చేస్తాం. ఊరెళ్లాలన్నా మీ నుంచి మెసేజ్ రావాలి. ప్రవర్తనలో ఏదైనా తేడా ఉంటే..."

బుజ్జిగాడు నవ్వాపుకోలేక తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. ఓనర్ గారు దాన్ని గంభీరంగా ఆలోచించడం అనుకున్నారు.

సంతకానికి వాడి దగ్గర పెన్ను లేదు. లోను ఫైళ్ల మీద పెట్టే నా పెన్నే ఇచ్చాను. 'నెఫ్యూ' స్పెల్లింగ్ అడిగాడు, చెప్పాను. వాడు గీసిన ఆ గీత మా బ్రాంచికి వస్తే వెంటనే వెనక్కి కొట్టేదాన్ని. ఇక్కడ భద్రంగా ఫైల్లోకి వెళ్లింది. టూ షేరింగ్ 8,500, పైన రెండు నెలల అడ్వాన్సు మాత్రం నన్నే అడిగారు. డబ్బుల దగ్గర గార్డియన్ ప్రసక్తే రాలేదు.

బయటికొచ్చాక వాడు బండి స్టార్ట్ చేస్తూ "జాగ్రత్త పిన్నీ, నాకు చెడ్డపేరు తేకు" అన్నాడు.

దేశంలో ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కు పౌరులందరికీ ఉందని రాజ్యాంగం 19(1)(ఇ)లో రాసుంది. 'బుజ్జిగాడి సంతకంతో' అని కింద చిన్న అక్షరాల్లో ఉండే ఉంటుంది. నాకే కనపడలేదు.

నా రూమ్మేట్‌ది శ్రీకాకుళం వైపు. చీరల షోరూంలో సేల్స్‌లో చేస్తుంది. మూడేళ్ల నుంచి ఈ ఊళ్లోనే ఉంటోంది. హాస్టల్ వాళ్లు అగ్రిమెంట్ రాయరు కాబట్టి ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రసే. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు కదా, ఈ పిల్లకి మాత్రం ఉంది. కండక్టర్ని అని లాభం లేదు, కార్డు మీద ఉన్నదే ఆవిడ చూస్తుంది. ఊరెళ్తే 'హైదరాబాద్ పిల్ల', బస్సెక్కితే 'ఆంధ్రా కార్డు'. ఎప్పటికైనా మగ్గం వర్క్ షాపు పెట్టాలని ఆమె ఆశ. షోరూంలో పారేసిన బిల్లుల వెనక జాకెట్ డిజైన్లు వేసి, రబ్బరు బ్యాండు చుట్టి దిండు కింద దాచుకుంటుంది.

హాస్టల్ గేటు 9:30కి మూస్తారు. షోరూం షట్టర్ దించేదీ 9:30కే. ఆషాఢం సేల్ రోజుల్లో ఇంకా లేటు. ఒకరోజు 10:10కి వచ్చింది. గేటుకి తాళం. వాచ్‌మన్ దగ్గర తాళంచెవి లేదు, లోపలున్న నా దగ్గరా లేదు. ఓనర్ గారికి ఫోన్ చేస్తే "గార్డియన్‌తో మాట్లాడించమ్మా" అన్నారు. ఆమె గార్డియన్ కూకట్‌పల్లిలో ఉండే బాబాయి, ఆయన ఫోన్ స్విచాఫ్. ఎదురుగా వైన్‌షాపు వెలిగిపోతోంది. దానికి 11 దాకా టైముంది మరి. అక్కణ్ణుంచి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే ఆగి, గేటు పట్టుకుని నిలబడ్డ పిల్లని పైనుంచి కిందికి చూసి పోతున్నారు.

ఆడపిల్లల భద్రత కోసమట! పిల్లని రోడ్డు మీద నిలబెట్టి, తాళం లోపలేసుకుని, భద్రతట! సిగ్గుండక్కర్లేదా? పన్నెండు గంటలు నిలబడి చీరలు మడతపెట్టి వచ్చింది, తిరుగుళ్లకి పోయి కాదు. పోయినా మీకేం? 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఆ వెటర్నరీ డాక్టర్ పిల్లని చంపేశాక సర్కారుకి తట్టిందేమిటి? ఆర్టీసీ ఆడ ఉద్యోగుల డ్యూటీ రాత్రి 8కల్లా ముగించాలని. మగాళ్లని 8కి ఇంటికి పొమ్మందామని ఒక్కడికీ తట్టలేదు. కోజికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు ఇదే 9:30 గేటు మీద కోర్టుకెక్కితే, గొడవ చేసేది మగాళ్లయితే తాళం వాళ్లకే వేయండని 2022లో కేరళ హైకోర్టు జడ్జి ఒకాయన అన్నారు. ఆ మాట అమీర్‌పేట దాకా రాలేదు. బహుశా ఆయనకి ఇక్కడ లోకల్ గార్డియన్ లేడేమో.

అరిచాను. ఓనర్ గారికి మళ్లీ ఫోన్ చేసి పోలీసుల్ని పిలుస్తానన్నాను. "నువ్వు ఆవేశపడకమ్మా" అన్నారు. 10:45కి వేరే దారిలేక బుజ్జిగాడికి కొట్టాను. నెక్లెస్ రోడ్డు మీద ఫ్రెండ్స్‌తో ఉన్నాడు. వాడి హాస్టల్‌కి గేటుంది, టైమింగ్ లేదు.

"ఓనర్‌తో మాట్లాడరా."

"ఏమనాలి?"

"ఏదో ఒకటి అను. గొంతు కాస్త లావుగా పెట్టు."

రెండు నిమిషాల్లో ఓనర్ గారు లుంగీ సర్దుకుంటూ తాళంచెవితో దిగారు. "సార్ చెప్పారు కాబట్టి తీస్తున్నా" అన్నారు. ఆమె ఏమీ మాట్లాడకుండా పైకి వచ్చి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూర్చుంది.

పొద్దున్న నా గార్డియన్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. 'పిన్నీ, ఎం-వన్ సప్లీ ఫీజు లాస్ట్ డేట్ ఈరోజే. ఫోన్‌పే చెయ్యవా?'