ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ముద్ర లేకపోతే మేజర్ దగ్గరే ఆగిపోతారా?

ఇంజనీరింగ్ కుర్రాళ్ల గ్రూపుల్లో, వాళ్ల అమ్మానాన్నల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఆర్మీలో ఆఫీసర్‌గా చేరే ముందు ఈ ఆరు నిజాలు తెలుసుకోండి" అని దాని మొదలు. రాసిందెవరో లేదు. కొన్నిట్లో పిసరంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. కొడుకు సీడీఎస్‌కి (డిగ్రీ తర్వాత సైన్యంలో ఆఫీసర్ కావడానికి రాసే పరీక్ష) చదువుతుంటే "వద్దులే నాన్నా, ఏదన్నా సాఫ్ట్‌వేర్ చూసుకో" అనడానికి ఇది బాగా పనికొస్తోంది. అందుకే ఒక్కోటీ విప్పి చూద్దాం.

"కమిషన్ వచ్చిన రోజు నుంచే వంద మంది జవాన్లకు మీరే బాస్."

కమిషన్ అంటే ఆఫీసర్‌గా నియామకం. ఆరింట్లో ఇదొక్కటే ఆశ పెట్టే మాట. ఇదీ తప్పే. ఆఫీసర్లకి శిక్షణ ఇచ్చే డెహ్రాడూన్ ఐఎంఏలోనో చెన్నై ఓటీఏలోనో పాసింగ్ అవుట్ పరేడ్ అవుతుంది, భుజానికి రెండేసి నక్షత్రాలు పడతాయి, అమ్మానాన్నలతో ఫొటోలు దిగుతారు. సెలవు అయిపోయి ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) పల్టన్‌కి చేరేసరికి అక్కడ ప్లటూన్‌ని, అంటే పల్టన్‌లోని చిన్న దళాన్ని, నడుపుతున్నది చాలావరకు ఏళ్ల సర్వీసున్న సుబేదారో, నాయబ్ సుబేదారో. కొత్త లెఫ్టినెంట్ ఆయన్ని "సాబ్" అంటూ పని నేర్చుకుంటాడు. చాలా పల్టన్లలో మొదటి కొన్ని వారాలు పడక జవాన్ల బ్యారక్‌లోనే, తిండి వాళ్ల లంగర్‌లోనే (వంటశాల). పొద్దున్నే వాళ్లతో పీటీ, సాయంత్రం వాళ్లతోనే ఆట. తెనాలి కుర్రాడు గూర్ఖా రైఫిల్స్‌కి వెళ్తే నేపాలీ పట్టాలి, సిఖ్ పల్టన్‌కి వెళ్తే పంజాబీ నేర్చుకుని గురుద్వారాలో జవాన్ల పక్కన కూర్చోవాలి. పైగా మెస్ లెక్కలు, స్టోర్‌లో సామాను తనిఖీ, ఆటల పోటీలకి జట్టు తయారుచేయడం లాంటి పనులన్నీ యూనిట్‌లో అందరికంటే చిన్నోడి నెత్తినే పడతాయి. మధ్యలో యంగ్ ఆఫీసర్స్ కోర్సుకి పంపుతారు. ఇన్‌ఫాంట్రీ వాళ్లు మధ్యప్రదేశ్‌లోని మౌకి, ఆర్టిలరీ వాళ్లు దేవ్‌లాలీకి వెళ్తారు. ఎల్‌ఓసీ మీద ఒక పోస్టు బాధ్యత చిన్న వయసులోనే చేతికి రావచ్చు, అది నిజం. కానీ వంద మందికి పైగా ఉండే కంపెనీని మామూలుగా మేజర్‌కి అప్పజెబుతారు.

"ఎన్‌డీఏ వాళ్లే పైకి వెళ్తారు. బీటెక్ చేసి చేరినవాళ్లు మేజర్ దగ్గరే ఆగిపోతారు."

రెండో వాక్యం పచ్చి అబద్ధం. రెండేళ్లకి కెప్టెన్, ఆరేళ్లకి మేజర్, పదమూడేళ్లకి లెఫ్టినెంట్ కల్నల్. అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫార్సులతో 2004 చివర్లో వచ్చిన లెక్క ఇది. ఖాళీలు ఉన్నాయా లేవా అన్నదాంతో పనిలేదు. ప్రమోషన్ కోసం పెట్టే పార్ట్ బి, పార్ట్ డి పరీక్షలు పాసై, రికార్డు శుభ్రంగా ఉంటే చాలు. ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏలో మూడేళ్లు ఉండి వచ్చినవాడికీ, కాకినాడలో బీటెక్ చేసి వచ్చినవాడికీ ఇదే వర్తిస్తుంది.

మొదటి వాక్యంలో మాత్రం కొంత నిజం ఉంది. అది వయసుకు సంబంధించింది. రిటైర్మెంట్ కల్నల్‌కి 54, బ్రిగేడియర్‌కి 56, మేజర్ జనరల్‌కి 58, లెఫ్టినెంట్ జనరల్‌కి 60 ఏళ్లకి. ఎన్‌డీఏ నుంచి వచ్చినవాడికి 21, 22 ఏళ్లకే కమిషన్ వస్తుంది, డిగ్రీ తర్వాత చేరినవాడికి 24, 25. ఈ మూడేళ్ల తేడా మొదటి ఇరవై ఏళ్లలో పెద్దగా కనపడదు. పై ర్యాంకుల సెలక్షన్ బోర్డులకి వచ్చేసరికి మాత్రం కొందరికి వయసు ముందే అయిపోతుంది. రావత్, నరవణే, పాండే, ద్వివేది, ఈ మధ్య ఆర్మీ చీఫ్‌లైన వీళ్లంతా ఎన్‌డీఏ వాళ్లే కావడానికి ఇదొక కారణం. దీనికి జవాబుగా మన జనరల్ కె.వి. కృష్ణారావు పేరు చెప్పేవాళ్లున్నారు. ఆయన 1981లో చీఫ్ అయ్యారు, గర్వపడాల్సిందే. కానీ ఆయనకి కమిషన్ వచ్చిన 1942లో అసలు ఎన్‌డీఏనే లేదు కదా! ఆ ఉదాహరణ ఇక్కడ చెల్లదు.

"ఇన్‌ఫాంట్రీ రాకపోతే కెరీర్ అక్కడితో సరి."

2022 ఏప్రిల్ 30న ఆర్మీ చీఫ్ అయిన మనోజ్ పాండే కోర్ ఆఫ్ ఇంజనీర్స్ మనిషి. ఆ కోర్ నుంచి చీఫ్ అయిన మొదటివారు. పద్మనాభన్, దీపక్ కపూర్ ఆర్టిలరీ నుంచి వచ్చారు. సికింద్రాబాద్‌లోని ఎంసీఈఎంఈలో శిక్షణ తీసుకునే ఈఎంఈ (సైన్యం వాహనాలు, పరికరాలు చూసుకునే ఇంజనీరింగ్ కోర్) ఆఫీసర్లకి వాళ్ల కోర్‌లోనే లెఫ్టినెంట్ జనరల్ దాకా మెట్లున్నాయి.

అయితే ఇక్కడ మెసేజ్ చెప్పని అసలు సంగతి ఒకటుంది. కార్గిల్ తర్వాత కమాండింగ్ ఆఫీసర్ల (యూనిట్‌ని నడిపే కల్నల్‌ల) వయసు తగ్గించాలనుకున్నారు. ఆ క్రమంలో అదనంగా వచ్చిన కల్నల్ పోస్టులని 2009లో "కమాండ్ ఎగ్జిట్" పద్ధతిలో పంచారు. ఇన్‌ఫాంట్రీ, ఆర్టిలరీల్లో కమాండింగ్ ఆఫీసర్ కుర్చీ త్వరగా చేతులు మారుతుంది కాబట్టి వాళ్ల వాటా పెరిగింది. మిగతావాళ్లు కోర్టుకెక్కారు. 2016లో సుప్రీంకోర్టు ఆ విధానం చెల్లుతుందనే చెప్పింది. కాబట్టి ఆర్మ్‌ని (చేరిన విభాగాన్ని) బట్టి కల్నల్ అయ్యే అవకాశం కొంత మారుతుందన్నది వాస్తవం. ఐఎంఏలో ఆర్మ్ కోసం ఇచ్చే ప్రాధాన్యాల ఫారం నింపేటప్పుడు అది తెలిసి ఉండటం మంచిది. "అక్కడితో సరి" అనడం మాత్రం అతి.

"ఆడపిల్లలకి ఆఫీసు పనులే ఇస్తారు."

ఇది పాత రికార్డు. ఇన్‌ఫాంట్రీ, ట్యాంకు రెజిమెంట్ల తలుపులు ఆడవాళ్లకి తెరుచుకోలేదన్నది నిజమే. మిగతా చోట్ల 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో పర్మనెంట్ కమిషన్‌కీ (రిటైర్మెంట్ వయసు దాకా సర్వీసు) యూనిట్ కమాండ్‌కీ దారి ఏర్పడింది. 2023లో ఆర్టిలరీలోకి మొదటి మహిళా ఆఫీసర్లు వెళ్లారు. అదే ఏడాది జనవరిలో ఇంజనీర్స్‌కి చెందిన కెప్టెన్ శివా చౌహాన్ సియాచిన్‌లోని కుమార్ పోస్టులో విధుల్లో చేరారు. ఆ పోస్టు పదిహేను వేల అడుగుల పైన ఉంటుంది.

"కల్నల్ కాలేదంటే ఫెయిల్. ఇంటికి పంపేస్తారు."

లెఫ్టినెంట్ కల్నల్ దాకా కాలం మోసుకెళ్తుంది, ఆ పైన సెలక్షన్. కల్నల్‌కి నంబర్ త్రీ బోర్డు కూర్చుంటుంది. ఏళ్ల తరబడి పైవాళ్లు రాసిన కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు, చేసిన కోర్సులు, పోస్టింగులు అన్నీ చూస్తుంది. మూడు అవకాశాలుంటాయి. మూడూ పోయినవాళ్లని వాడుకలో "సూపర్‌సీడ్ అయ్యాడు" అంటారు. చేతికి యూనిట్ రాదు. నిన్నటి జూనియర్ రేపు కమాండింగ్ ఆఫీసర్‌గా వస్తే సెల్యూట్ చేయాలి. ఆ బాధని తేలిగ్గా తీసేయలేం. చాలామంది ఇరవై ఏళ్లు నిండగానే పెన్షన్ ఖాయం చేసుకుని ముందస్తుగా తప్పుకునేది ఇందుకే.

కానీ ఎవరూ ఇంటికి పంపరు. 54 ఏళ్ల దాకా సర్వీసు ఉంటుంది. 26 ఏళ్లు పూర్తయ్యాక టైమ్ స్కేల్ మీద, అంటే సెలక్షన్ లేకుండా సర్వీసు కాలాన్ని బట్టి, కల్నల్ ర్యాంకు కూడా వస్తుంది. డబ్బు సంగతి చూస్తే ఇంకా విచిత్రం. ఏడో పే కమిషన్‌లో మేజర్ మూలవేతనం 69,400 దగ్గర మొదలవుతుంది. లెఫ్టినెంట్ కల్నల్‌ది 1,21,200. కల్నల్‌ది 1,30,600. మిలిటరీ సర్వీస్ పే 15,500 ముగ్గురికీ ఒకటే. అంటే మొత్తం సర్వీసులో జీతం ఒక్కసారిగా పెరిగేది పదమూడో ఏట, ఏ సెలక్షన్ బోర్డూ లేకుండా! కల్నల్ సెలక్షన్‌తో వచ్చేది హోదా, యూనిట్ మీద అధికారం. జీతంలో తేడా దాని ముందు చిన్నది.

"షార్ట్ సర్వీస్ అంటే పదేళ్ల కాంట్రాక్టు. తర్వాత రోడ్డున పడటమే."

అన్నిట్లోకీ ఎక్కువ భయపెట్టేది ఇదే, కొంత ఆలోచించాల్సిందీ ఇదే. షార్ట్ సర్వీస్ పదేళ్లు, కావాలంటే ఇంకో నాలుగేళ్లు పొడిగింపు. పదో ఏట పర్మనెంట్ కమిషన్‌కి బోర్డు ఉంటుంది, అడిగిన అందరికీ ఇవ్వరు. ఇచ్చినవాళ్లు ఆ తర్వాత మిగతావాళ్లతో సమానంగా కల్నల్ బోర్డుకి వెళ్తారు. బయటికొచ్చేవాళ్లకి గ్రాట్యుటీ వస్తుంది. ఆఫీసర్ పెన్షన్‌కి ఇరవై ఏళ్ల సర్వీసు కావాలి కాబట్టి పద్నాలుగేళ్లు చేసినా పెన్షన్ రాదు. దీని మీద షార్ట్ సర్వీస్ వాళ్లకి ఎప్పటి నుంచో కోపం ఉంది, అది న్యాయమైనదే.

రోడ్డున పడటం అన్నది మాత్రం ఊహ. వెళ్లిపోయే ఆఫీసర్ల కోసం రక్షణ శాఖ పునరావాస విభాగం ఐఐఎంలలో ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సులు నడిపిస్తుంది. మనుషుల్నీ, సామాన్నీ, లెక్కల్నీ పదేళ్లు నడిపిన ముప్పై నాలుగేళ్ల మనిషిని లాజిస్టిక్స్, ఆపరేషన్స్ ఉద్యోగాలకి కంపెనీలు తీసుకుంటూనే ఉన్నాయి. సివిల్స్ రాయాలనుకుంటే, కనీసం ఐదేళ్లు చేసి నిబంధనల ప్రకారం విడుదలైన షార్ట్ సర్వీస్ ఆఫీసర్లకి వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. ఓపెన్ కేటగిరీకి 32 కాస్తా 37 అవుతుంది. 24 ఏళ్లకి కమిషన్ వచ్చినవాడు పదేళ్లకి బయటికొస్తే 34, ఇంకా రెండు మూడు సార్లు రాయొచ్చు. నాలుగేళ్ల పొడిగింపు తీసుకుంటే 38 వస్తాయి. ఓపెన్ కేటగిరీవాళ్లకి సివిల్స్ దారి మూసుకుపోతుంది, పెన్షనూ రాదు. ఆ పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.