సప్లిమెంటరీ రాసిన పిల్లలనూ స్టేజి ఎక్కిద్దాం

మొన్న డిసెంబరులో మన ప్రవాస తెలుగు సంఘం సేవా కార్యక్రమాలకు తిరుపతి వచ్చినవాళ్ళకు ఆ మెరిట్ స్కాలర్‌షిప్పుల సభ గుర్తుండే ఉంటుంది. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు, శాలువాలు, చెక్కులు, ఫొటోలు. అంతా బాగానే సాగింది, మనవాళ్ళలో ఒకరు మైకు అందుకుని “లెక్కలు మన పిల్లల రక్తంలోనే ఉన్నాయి” అనేదాకా. హాలంతా చప్పట్లు. నా పక్కనే కూర్చున్న మా చెల్లెలి కొడుకు చేతులు కదపలేదు. కాసేపాగి, “అయితే నాకు పుట్టుకతోనే రాలేదంటావా మామా?” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

వాడు ఏప్రిల్‌లో లెక్కల్లో తప్పాడు. అప్పుడూ “నాకు బుర్ర లేదు” అనే అన్నాడు. వీధి చివర ఉండే రిటైర్డ్ మాస్టారు వాడి రఫ్ నోట్సు తిరగేసి అసలు సంగతి పట్టుకున్నారు. సూత్రాలు వచ్చు, స్టెప్పులూ సరిగ్గానే వేస్తాడు. భిన్నాలు కూడాల్సి వచ్చేసరికి పైవి పైవి, కిందివి కిందివి కలిపేస్తున్నాడు. 1/2కి 1/3 కలిపితే వాడికి 2/5 వస్తోంది. కలిపాక సగం కన్నా తగ్గింది, చూడండి! చిన్న తరగతుల్లో క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) సరిగా పట్టుబడక మిగిలిన తప్పు అది. పదో తరగతిదాకా ఎవరి కంటా పడలేదు. మే నెల ఎండల్లో మాస్టారు వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి రోజూ అదే చేయించారు, ఆ తర్వాత పాత ప్రశ్నపత్రాలు. సప్లిమెంటరీలో పాసయ్యాడు. ఎలా గట్టెక్కావురా అంటే, “పేపర్ ఈజీగా వచ్చింది మామా, అమ్మ మొక్కు కూడా ఉంది కదా” అన్నాడు.

తప్పితే తన బుర్ర, పాసైతే పేపరు. వాడు పడ్డ కష్టం రెండింట్లోనూ లేదు. గెలుపోటములకు మనం చెప్పుకునే కారణాల మీద సిద్ధాంతం కట్టిన మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ వైనర్ అనేది ఇదే: ఆ కారణం మారేదా, తన చేతిలో ఉన్నదా అన్నదాన్ని బట్టే పిల్లవాడు మళ్ళీ పుస్తకం పడతాడు, లేదా వదిలేస్తాడు. 1998లో క్లాడియా ముల్లర్, కరొల్ డ్వెక్ అమెరికాలో ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు మన సభలు పెట్టేవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. తెలివైనవాళ్ళని పొగిడించుకున్న పిల్లలు కష్టమైన ప్రశ్నలు ఎదురయ్యాక డీలా పడ్డారు. కష్టపడ్డారని మెచ్చుకున్నవాళ్ళు పట్టు వదల్లేదు. తెలివి పొగడ్త విన్నవాళ్ళలో మూడోవంతుకు పైగా తమ స్కోరు పెంచి చెప్పారు కూడా.

టాపర్లు “స్వామి దయ, అమ్మానాన్నల ఆశీస్సులు” అన్నందుకు నాకే ఫిర్యాదూ లేదు. అది మన ఊరి మర్యాద. అలిపిరి నుంచి మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ కొండెక్కిన మా చెల్లెలే తెల్లవారుజామున లేచి, టీ పెట్టి, వాడి పక్కన కూర్చుంది. ఆ మొక్కునూ ఆ టీ గ్లాసునూ విడదీసి చూడటం నా వల్ల కాదు. నా బాధంతా మనతోనే. ఇక్కడ పరాయి దేశంలో మన సంఘం ఉగాది స్టేజి మీదా మన పిల్లలకు ఆ రక్తం మాటే చెబుతున్నాం. బి గ్రేడు వచ్చిన పిల్ల ఆ రాత్రి ఏమనుకుంటుందో ఒక్కసారి ఆలోచించండి.

కమిటీ పెద్దలకు నా విన్నపం. ఈసారి అవార్డు ఇచ్చేటప్పుడు ఎన్ని మార్కులని కాదు, ఎక్కడ ఇరుక్కున్నావు, ఎలా బయటపడ్డావు అని అడగండి. తిరుపతి జాబితాలో సప్లిమెంటరీ రాసి పాసైనవాళ్ళకూ ఒక స్కాలర్‌షిప్పు పెట్టండి. మార్కుల పట్టీతో పాటు ఏం మార్చుకున్నారో పిల్లల చేతే నాలుగు వాక్యాలు రాయించి పంపమని హెడ్‌మాస్టర్లను అడుగుదాం. మొదటి ఏడాది ఆ డబ్బు నేనిస్తాను.