1943లో పుట్టినావిడ

డిసెంబరు వచ్చిందంటే మన అపార్టుమెంట్లలోకి డల్లాస్ నుంచి మనుషులు దిగుతారు. ఒకప్పుడు బాదంపప్పు, చాక్లెట్లు, సెంటు సీసాలు తెచ్చేవాళ్ళు. మా బామ్మర్ది ఈసారి జ్ఞానం తెచ్చాడు. పాత మిలిటరీ రైఫిళ్ళ మీద, మూడు వారాలకు సరిపడా.

మొదటిరోజు టిఫిన్ల దగ్గరే మొదలైంది. "షీ ఈజ్ ఎ బ్యూటీ బావా! నైన్టీన్ ఫార్టీ త్రీ" అంటూ ఫోను చేతిలో పెట్టాడు. మా అత్తగారు చట్నీ గిన్నె దించి, "ఎనభై దాటిన ముసలావిడని పెట్టుకుని చూసుకుంటున్నావా? పుణ్యం వస్తుందిరా" అన్నారు. ఆవిడ బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలనీ, బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో పుట్టిందనీ తేలేసరికి ఇడ్లీలు చల్లారిపోయాయి.

ఆవిడకు జరిగే సేవలు వినండి. గోదాముల్లో తుప్పు పట్టకుండా కాస్మోలిన్ అనే జిడ్డు దట్టంగా పూస్తారట. అది వదలడానికి నల్ల చెత్తసంచిలో చుట్టి ఎండలో పెట్టి, కారిందల్లా తుడిచాడట, రెండు వీకెండ్లు. తిన్న కంచం సింకులో వేయని మనిషి! పాత తూటాల క్యాపులోని మందు కాలితే ఉప్పు మిగులుతుంది. అందుకని కాల్చిన ప్రతిసారీ గొట్టం వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాస్తాడు. ఇదీ తలంటు స్నానమే, కాకపోతే వరస తిరగబడింది.

ఆ సాయంత్రం చుట్టాలందరి ముందూ డెమో. తుపాకీ టెక్సస్‌లో ఉంది కాబట్టి బూజుకర్ర అందుకున్నాడు. హాల్లో ఒక మోకాలు చాపమీద ఆనించి, మోచేయి టీపాయ్ మీద పెట్టి, ఒక కన్ను మూశాడు. లేని బోల్టును కుడిచేత్తో పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, దించాడు. శబ్దం నోటితోనే: చక్, చక్! మ్యాగజైన్‌లో పది తూటాలు కాబట్టి పదిసార్లూ చేశాడు. "స్వామివారి క్యాలెండర్‌కి గురిపెట్టకురా" అని అత్తగారు కేకేస్తే గురి వాటర్ ఫిల్టర్ వైపు మళ్ళింది. ఆ మళ్ళడంలో బూజు కాస్తా రాలి మా పెదనాన్న టీలో పడింది. పెరుగు తోడుకోసం వచ్చిన మూడో అంతస్తు ఆంటీ గుమ్మంలోంచే వెనక్కి తగ్గారు. ఏడో తూటా దగ్గర ఆయాసం వచ్చింది, అయినా వదల్లేదు.

"హిస్టరీ బావా! ఆ చెక్క పట్టుకుంటే సోల్జర్ చేతి చెమట తగులుతుంది."

ఇక్కడ ఒకటి దొరుకుతుందా అన్నాడు. ఆవిడ బోరు, అంటే గొట్టం కొలత, త్రీ నాట్ త్రీ (.303); అది మనలాంటి మామూలు జనానికి నిషిద్ధం, అందుకే లైసెన్సు రైఫిలంటే ఎక్కువగా .315 కనిపిస్తుంది అని చెప్పాను. తమ సైన్యం వాడే తూటా మన చేతికి రాకూడదని దొరలు పెట్టిన పద్ధతి. దొరలు పోయారు, బోరు పోలేదు. ఓదార్పుగా గన్‌ఫౌండ్రీ తీసుకెళ్ళాను. 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచివాడు రేమండ్ ఫిరంగులు పోయించిన తోప్ కా సాంచా. "షూట్ చెయ్యొచ్చా?" అన్నాడు. ఫోనుతో చెయ్యొచ్చన్నాను.

ఇంతవరకూ నవ్వుతూనే భరించాను. తిరిగొచ్చాక ఇంకో ఫొటో చూపించాడు. .410 మస్కెట్. "వెరీ రేర్ బావా, దీనికి ఎక్కువే పెట్టాను."

ఆ వస్తువేమిటో నేను చెప్తాను. పైకి అచ్చం త్రీ నాట్ త్రీ. లోపల గొట్టంలో తూటాని గిర్రున తిప్పే మరల గాళ్ళు పోయేలా నున్నగా తొలిచేశారు. పది తూటాలు పట్టే చోట చెక్కముక్క దిగ్గొట్టారు. ఒక్కసారికి ఒక్కటే, అదీ దూరం పోదు. ఎందుకంటే దాన్ని మోసేది నేటివు పోలీసు, నేటివు జైలు వార్డరు. 1857 తర్వాత మన సిపాయిల ఎన్‌ఫీల్డులకూ గొట్టం ఇలాగే నున్నగా తొలిచి ఇచ్చారు. కాపలాకి వాడు కావాలి, వాడి చేతిలో పూర్తి తుపాకీ ఉండకూడదు! ఆ చెక్కముక్కకి ఎవరి చెమట అంటిందిరా? మన తాతల్ని నమ్మలేదనడానికి సాక్ష్యాన్ని డబ్బులు పోసి కొని, పాలిష్ పెట్టి, సోఫా వెనక వేలాడదీసి, హిస్టరీ అంటావా? 2008 నవంబరు 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ స్టేషన్లో ఏకే-47లకి ఎదురు మన పోలీసులు కొందరి చేతుల్లో ఉన్నవి ఈ త్రీ నాట్ త్రీలే. ఆ రాత్రి వాటిని వింటేజ్ అని ఎవడూ అనలేదు.

కాస్త గట్టిగానే అరిచినట్టున్నాను. హాలు నిశ్శబ్దమైంది.

మా పెదనాన్న రిటైరైన ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్. ట్రెజరీ గార్డుగా ఏళ్ళ తరబడి ఇదే త్రీ నాట్ త్రీ మోశాడు. ఏడాదికోసారి ఫైరింగు, చేతికి లెక్కపెట్టి నాలుగు రౌండ్లు. కాల్చాక ఖాళీ తూటాలు తిరిగి అప్పజెప్పాలి. ఒకసారి ఒక్క ఖాళీ తగ్గితే ప్లటూనంతా చీకటిపడేదాకా గడ్డిలో మోకాళ్ళమీద పాకి వెతికారట. ఇన్నాళ్ళూ మాట్లాడనివాడు ఆరోజు గొంతు సవరించుకున్నాడు.

"ఐతారం పూట ఎన్ని రౌండ్లు కాలుస్తవ్ బిడ్డా?"

"టూ హండ్రెడ్ దాకా అంకుల్."

పెదనాన్న టీ కప్పు పక్కన పెట్టాడు.

"మరి ఖాళీలు ఎవలకు అప్పజెప్తవ్?"