ఆఫీసంతటికీ ఒకేరోజు షుగర్

మార్చి నెల ప్రభుత్వ కార్యాలయాల ఆరోగ్యానికి మంచిది కాదు. ఎండ గురించి కాదు చెప్పేది. ముప్పై ఒకటో తేదీ దాటితే ఖర్చుపెట్టని డబ్బు మురిగిపోతుంది కాబట్టి, ఏడాదంతా బీరువాలో నిద్రపోయిన పథకాలన్నీ ఆ నెలలోనే ఒళ్లు విరుచుకుని లేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా కార్యాలయం. పేరెందుకు గానీ, రెండో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు ఉంది, నడవదు. అక్కడికి మార్చి పదో తేదీన ‘ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమం’ అని ఒక కాయితం వచ్చింది. మంజూరైంది 40,000 రూపాయలు, ఉద్యోగులు 64 మంది, గడువు నెలాఖరు.

కాయితం టపాల్లోంచి జూనియర్ అసిస్టెంటు దగ్గరికి వెళ్లింది. ఆయన నోటు పెట్టాడు. సూపరింటెండెంటు గారు దానిమీద ‘చర్చించండి’ అని రాశారు. ఇద్దరి కుర్చీల మధ్య దూరం ఆరడుగులు. ఆ ఆరడుగులు దాటి చర్చ జరగడానికి పన్నెండు రోజులు పట్టింది. మిగిలిన రోజుల్లో సోమవారం అర్జీల రోజు గనక పనికిరాదు. మంగళవారం వీడియో కాన్ఫరెన్సు. తర్వాత మూడు రోజులు ట్రెజరీ బిల్లుల గొడవ. అన్నీ తీసేస్తే ముప్పై ఒకటో తేదీ మిగిలింది.

అదే రోజు సీనియర్ అసిస్టెంటు గారి పదవీ విరమణ. ప్రభుత్వోద్యోగి ఏ తేదీన పుట్టినా రిటైరయ్యేది నెల చివరి రోజునే కదా. ఈ సంగతి ఎవరూ గమనించకపోలేదు. అందరూ గమనించి సంతోషించారు. ఒకే హాలు, ఒకే మైకు, ఒకే తివాచీ, రెండు కార్యక్రమాలు. ఇంత పొదుపు ఆ ఆఫీసు చరిత్రలో జరగలేదు.

సర్క్యులర్ రెండు పేజీలు. మొదటి పేజీ నిండా రిఫరెన్సులు. రెండో పేజీ నాలుగో పేరాలో ‘పరీక్షకు ఎనిమిది గంటల ముందునుండి మంచినీరు తప్ప ఏమియు తీసుకొనరాదు’ అని ఉంది. సర్క్యులరు అటెండరు చేతిలో టేబులు టేబులుకీ తిరిగింది. 64 సంతకాలూ పడ్డాయి. సర్క్యులర్ మీద సంతకం అంటే చదివానని కాదు, సంతకం ఎక్కడ పెట్టాలో చూశానని అర్థం.

ఆ రోజు పదిన్నరకి సన్మానం మొదలైంది. శాలువా, గంధపు దండ, తలా ఒక ప్లేటు. ప్లేటులో రెండు బూందీ లడ్డూలు, కారప్పూస, ఒక అరటిపండు, మార్చి సీజను కాబట్టి ఒక ద్రాక్ష గుత్తి. వెనకాలే టీ. పన్నెండింటికి పీహెచ్‌సీ నుంచి ఏఎన్ఎం గారు, ల్యాబ్ టెక్నీషియన్ వచ్చారు.

ముందు యోగా. కేంద్ర ఆయుష్ శాఖ ‘వై-బ్రేక్’ పేరుతో ఉద్యోగుల కోసం తయారుచేసిన అయిదు నిమిషాల పద్ధతి ఒకటుంది. 2021లో దానికి యాప్ కూడా వచ్చింది. నిజానికి అది తెలివైన పద్ధతి: చాప అక్కర్లేదు, బట్టలు మార్చుకోనక్కర్లేదు. కానీ దానికి చేతులు చాపేంత జాగా కావాలి. ఈ ఆఫీసులో టేబులుకీ టేబులుకీ మధ్య రెండడుగులు, ఆ రెండడుగుల్లో కూడా ఫైళ్ల కట్టలు. కటిచక్రాసనంలో నడుము కుడివైపు తిప్పగానే 2014 నుంచి పెండింగులో ఉన్న ఒక కట్ట ఎడమవైపు కదిలింది. పదేళ్లలో ఆ ఫైళ్లలో వచ్చిన తొలి కదలిక అదే. భ్రామరి ప్రాణాయామం దగ్గర ముప్పైమంది ఒకేసారి తుమ్మెదనాదం చేసేసరికి బయట వరండాలో కూర్చున్న అర్జీదారు ఒకాయన లోపలికి తొంగిచూసి, “ఫ్యాను మోటారు కాలిపోతున్నట్టుంది సార్, స్విచ్చి తీసెయ్యండి” అన్నాడు. యోగా అక్కడితో ముగిసింది.

తరువాత తూకం, ఎత్తు. తూకం మిషను సన్మానం కోసం పరిచిన ఎర్ర తివాచీమీదే పెట్టారు. ఇలాంటి మిషను గట్టి, సమతలమైన నేలమీద ఉండాలి. మెత్తటి తివాచీలోకి దాని కాళ్లు దిగబడితే ఒకే మనిషి మూడుసార్లు ఎక్కితే మూడు బరువులు వస్తాయి. వచ్చాయి కూడా. సూపరింటెండెంటు గారు మూడింట్లో తక్కువది ఖాయం చేసుకున్నారు. ఎల్-1 కొటేషను, అంటే అన్నిట్లో తక్కువదాన్నే ఖాయం చేసే అలవాటు.

అసలు విడ్డూరం ఎత్తు దగ్గర జరిగింది. టేపుని గోడకి అతికించమని అటెండరుకి చెప్పారు. అతను టేపు సున్నాని నేలమీద కాకుండా, గోడకి అడుగున ఉన్న స్కర్టింగ్ టైల్స్ పై అంచునుంచి మొదలుపెట్టాడు. టైలు ఎత్తు పది సెంటీమీటర్లు. దాంతో ఆఫీసులో ప్రతి మనిషీ పది సెంటీమీటర్లు పొట్టి అయిపోయాడు. బీఎంఐ అంటే కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తు వర్గంతో, అంటే ఎత్తుని ఎత్తుతోనే గుణిస్తే వచ్చేదానితో, భాగించడం. ఎత్తు వర్గంలో ఉంది కాబట్టి అక్కడ చిన్న తప్పు చాలు, ఫలితం పెద్దగా లేస్తుంది. 168 సెంటీమీటర్లు, 70 కిలోలున్న మనిషికి బీఎంఐ 24.8 రావాలి. 158 అని రాస్తే 28 వస్తుంది. మనవాళ్లకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. అంటే కాస్త బొజ్జ ఉన్న మనిషిని టైలు ఒక్కటే ఊబకాయుణ్ని చేసేసింది. రెండో కాన్పుకి సెలవు పెట్టి అంతకుముందు వారమే తిరిగొచ్చిన టైపిస్టు గారు, “నా పెళ్లి చీటీలో 160 అని రాశారండీ, పిల్లలు పుడితే పొట్టయిపోతామా?” అని అడిగితే, ఏఎన్ఎం గారు, “వయసుతో కొంచెం తగ్గుతుందమ్మా” అని ఓదార్చారు.

బీపీ. దీన్ని కొలవడానికి పుస్తకంలో ఉన్న పద్ధతి ఒకటి, ఆఫీసులో జరిగింది ఒకటి. పద్ధతి ప్రకారం అంతకుముందు అరగంట టీ, సిగరెట్టు, మెట్లెక్కడం ఉండకూడదు. మూత్రానికి వెళ్లొచ్చి, అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేలకి ఆనాలి. చెయ్యి గుండె ఎత్తులో టేబులుమీద ఉండాలి. మాట్లాడకూడదు. నిమిషం వ్యవధిలో రెండుసార్లు చూడాలి. ఇక్కడ జనం టీ తాగిన నోటితో, క్యూలో నిలబడి నిలబడి, స్టూలుమీద కూర్చున్నారు. చెయ్యి కిందికి వేలాడుతోంది. చెయ్యి గుండెకన్నా కిందికి ఉంటే అంకె పైకి వస్తుంది. పైగా పట్టీ గాలి నింపుకుంటుండగా వెనకనుంచి ఎవరో, “డీఏ బకాయిలు ఈ నెలైనా పడతాయంటారా?” అన్నారు. మాట్లాడినా అంకె పెరుగుతుంది. డీఏ బకాయిల గురించి మాట్లాడితే ఎంత పెరుగుతుందో ఏ వైద్య గ్రంథంలోనూ లేదు గానీ, సూపరింటెండెంటు గారికి 168/102 చూపించింది.

అందులో సగం పాపం పట్టీది. మూడు కొటేషన్లలో తక్కువకి వచ్చిన మిషనుతో పాటు ఇచ్చిన పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోయేది. ఆయన చేతి చుట్టుకొలత 36. చిన్న పట్టీని పెద్ద చేతికి బిగిస్తే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 32 నుంచి 42 దాకా పట్టే పెద్ద పట్టీ విడిగా దొరుకుతుంది. కొటేషనులో ఆ వరుసే లేదు కాబట్టి కొనలేదు. అదనపు వస్తువు కొంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, కొనకపోతే బీపీ వస్తుంది. ఆఫీసు రెండోదే ఎంచుకుంది.

ఇప్పుడు షుగరు. పెళ్లికొడుకు లాంటివాడు కాబట్టి రిటైరయ్యే సీనియర్ అసిస్టెంటు గారినే ముందు కూర్చోబెట్టారు. మెడలో దండ, ఒక చేతిలో ప్లేటు.

“పరగడుపేనా సార్?” అంది ల్యాబ్ టెక్నీషియన్.

“పరగడుపేనమ్మా. లడ్డూ తప్ప ఏం తినలేదు.”

ఆయనకి పదకొండేళ్లుగా షుగరుంది. మాత్రలు జేబులోనే ఉంటాయి. ఈ ఒక్కరోజుకీ అని రెండు లడ్డూలూ లాగించారు. మిషను 304 చూపించింది. అది నిజమే కావచ్చు. విచిత్రం ఆయన వెనకవాళ్లది. జీవితంలో షుగరు అన్న మాట ఎరగని డ్రైవరుకి 291. బక్కపల్చటి జూనియర్ అసిస్టెంటుకి 263.

కారణం ద్రాక్ష. గ్లూకోమీటరు కొలిచేది గ్లూకోజుని. ద్రాక్షలో, ఒలిచిన అరటిపండులో గ్లూకోజు నేరుగా ఉంటుంది. ఆ పండు తుంచిన వేలినే గుచ్చి చుక్క తీస్తే, వేలిమీది పండు రసం కూడా రక్తంతో పాటు స్ట్రిప్ మీదికి వెళుతుంది. స్ట్రిప్‌కి కావలసింది మైక్రోలీటరు లోపు రక్తం. అంత చిన్న చుక్కలో కంటికి కనబడని జిడ్డు చాలు. స్పిరిట్ దూదితో తుడిచారు కదా అంటారు. తుడిచారు, కానీ స్పిరిట్ ఆ పంచదారని పూర్తిగా తీయదు. పైగా అది ఆరకముందే గుచ్చితే చుక్క పలచనై అంకె మరోవైపు తప్పుతుంది. సబ్బు, నీళ్లతో చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకుంటే పోయేది. కానీ ఆ అంతస్తులో కుళాయికి నీళ్లు ఉదయం పదిదాకానే. మొత్తంమీద లడ్డూ కడుపులోంచి పెంచింది, ద్రాక్ష వేలిమీదనుంచి పెంచింది.

స్ట్రిప్పుల డబ్బాది ఇంకో కథ. చాలా కంపెనీలు 30 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బామీదే అచ్చువేస్తాయి, తీసిన వెంటనే మూత పెట్టమంటాయి. ఈ డబ్బా ఉదయంనుంచీ ఎండలో ఆగిన జీపులో ఉండి, తర్వాత మూత లేకుండా ఫ్యాను కింద కూర్చుంది. అలాంటి స్ట్రిప్ ఎటువైపు అబద్ధం చెబుతుందో కూడా చెప్పలేం. వాడిన సూదులు మాత్రం కారప్పూస పొట్లాల పక్కన చెత్తబుట్టలో పడ్డాయి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం అవి గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి పోవాలి. అటెండరు బుట్ట ఎత్తబోయి వేలు గుచ్చుకుని, “నాకూ పరీక్ష అయిపోయింది సార్” అన్నాడు. ఇది మాత్రం నవ్వే విషయం కాదు. ఏఎన్ఎం గారు నవ్వకుండా అతణ్ని కిందున్న పంపు దగ్గరికి లాక్కెళ్లి సబ్బుతో కడిగించి, అటునుంచి అటే డాక్టరు దగ్గరికి పంపించారు.

అయిదింటికల్లా వివరాలు పోర్టల్లో ఎక్కించాలి. పోర్టల్లో షుగరుకి ఒకటే గడి, ‘ఫాస్టింగ్’. పరగడుపున 100 లోపు మామూలు, 100 నుంచి 125 దాకా హెచ్చరిక, 126 నుంచి షుగరు. తిన్న తర్వాత చూసిన 160 ఆ గడిలో పడితే ఆరోగ్యవంతుడు కూడా ఎర్రగా మారతాడు. 57 మందికి పరీక్ష జరిగితే 49 మంది ఎర్రబడ్డారు. 86 శాతం. జిల్లాలో ప్రథమ స్థానం. ఆ ఆఫీసు ఏ విషయంలోనైనా మొదటి స్థానంలో రావడం అదే మొదలు.

మంగళవారం వీడియో కాన్ఫరెన్సులో పైవారు ఆ అంకె చూసి అయిదు సెకన్లు మాట్లాడలేదు. తరువాత ‘మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను’ అని మెమో వచ్చింది. ఉద్యోగుల మానసిక ఒత్తిడి తగ్గించడం కూడా కార్యక్రమం లక్ష్యాల్లో ఒకటి.

సంజాయిషీలో లడ్డూ మాట రాయాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన జరిగింది. ‘అల్పాహార విరామానంతర పరిస్థితుల దృష్ట్యా’ అన్న మాట జూనియర్ అసిస్టెంటు కనిపెట్టాడు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయిస్తే పరగడుపు గొడవే ఉండదని ఏఎన్ఎం గారు సలహా ఇచ్చారు గానీ, డబ్బు మురిగి అప్పటికి వారమైంది. చందాలు వేసుకుని మళ్లీ గ్లూకోమీటరే పెట్టించారు.

ఈసారి ఏఎన్ఎం గారే పట్టు పట్టి వరస నిర్ణయించారు. ఉదయం ఎనిమిదికి, కింది అంతస్తులో, పంపు పక్కన. ముందు చేతులు కడగడం, తర్వాత షుగరు, ఆ తర్వాత కుర్చీలో అయిదు నిమిషాల మౌనం, బీపీ, చివర్న ఇడ్లీ. మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తినకముందు వేసుకోవద్దని, వాళ్లని క్యూలో ముందు నిలబెట్టాలని విడిగా చెప్పారు. ఖాళీ కడుపుమీద మందు వేసుకుని నిలబడితే షుగరు పడిపోయి మనిషే పడిపోతాడు. టేపు సున్నా నేలకి తాకింది. అందరూ పది సెంటీమీటర్లు తిరిగి పెరిగారు. పీహెచ్‌సీ నుంచి పెద్ద పట్టీ అరువు తెచ్చారు. డీఏ మాట ఎత్తినవాడికి ఇడ్లీ లేదని బోర్డు పెట్టారు. సూపరింటెండెంటు గారి బీపీ 136/84.

56 మందిలో 126 దాటినవాళ్లు ఎనిమిది మంది తేలారు. ఆరుగురికి ముందే తెలుసు. కొత్తవాళ్లు ఇద్దరు. అందులో ఒకాయన రికార్డు రూము అసిస్టెంటు. రెండు నెలలుగా రోజుకి అయిదు సీసాల నీళ్లు తాగుతూ, మాటిమాటికీ లేచి వెళుతుంటే ఎండలని సరిపెట్టుకున్నారు. సీట్లో ఉండడం లేదని ఆయనకి ఒక మెమో కూడా ఇచ్చి ఉన్నారు. గ్లూకోమీటరు అనుమానం మాత్రమే చెబుతుంది, నిర్ధారణ నరంలోంచి తీసిన రక్తంతోనే గనక, ఇద్దర్నీ ల్యాబుకి పంపారు. మెమోని వెనక్కి తీసుకునే ఫైలు నడుస్తోంది.

ఇక పోర్టల్లో ఎర్రగా మిగిలిన నలభై మంది పేర్లు తీయించాలి. ‘సవరించు’ అన్న బొత్తాం మార్చి 31 రాత్రి పన్నెండింటికి మూతపడింది. మిగిలింది ‘తొలగించు’. దాన్ని నొక్కితే కారణం ఎంచుకోమని మూడు మాటలు చూపిస్తుంది: బదిలీ, పదవీ విరమణ, మరణం. ‘లడ్డూ’ లేదు. నలభై మందికీ రోజూ ఉదయం ఏడింటికి ‘మీ మాత్ర వేసుకున్నారా?’ అని ఫోనుకి మెసేజి వస్తోంది. డ్రైవరు ఒక్కడే మర్యాదగా ‘లేదండి’ అని జవాబిస్తున్నాడు.

మొత్తం 49 మందిలో ఇప్పటిదాకా ఒక్కరి పేరే సవ్యంగా తొలగింది. పదకొండేళ్లుగా షుగరున్న సీనియర్ అసిస్టెంటు గారిది.