బాబేజ్ గారి డెలివరీ డేట్

కంప్యూటర్ పితామహుడు ఎవరు? చార్లెస్ బాబేజ్. ఒక మార్కు. స్కూల్లో మనం ఏనాడూ తప్పు రాయని జవాబు బహుశా ఇదొక్కటే. ఆ పితామహుడు బతికుండగా ఒక్క కంప్యూటర్‌నీ పూర్తి చేయలేదన్న సంగతి మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు. చెబితే హోంవర్క్ విషయంలో పిల్లలు ఆయన్నే ఆదర్శంగా పెట్టుకుంటారని భయం కాబోలు. ఆ బిరుదు మీద నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఆయన కన్న బిడ్డ పేరు కంప్యూటర్ కాదు, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు అని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఆ రోజుల్లో నావికులకు దారి తేల్చుకోవడానికి కావలసిన అంకెల పట్టికలన్నీ మనుషులే చేత్తో లెక్కగట్టేవాళ్లు. నిండా తప్పులే. 1821లో స్నేహితుడు జాన్ హెర్షెల్‌తో కూర్చుని అలాంటి లెక్కలు సరిచూస్తూ విసుగెత్తిపోయిన బాబేజ్, ఇవన్నీ ఆవిరితో జరిగిపోతే ఎంత బావుండు అన్నాడు. మరుసటి ఏడాదికి చిన్న మోడల్ చేసి చూపించాడు. డెమో బ్రహ్మాండం. డెమో బ్రహ్మాండంగా ఉన్న ప్రాజెక్టులు తర్వాత ఏమవుతాయో తెలిసినవాళ్లు అప్పటికింకా పుట్టలేదు. అందుకే 1823లో బ్రిటిష్ ప్రభుత్వం 1,500 పౌండ్లు చేతిలో పెట్టింది. రెండు మూడేళ్లలో అయిపోతుందని బాబేజ్ అంచనా.

పట్టికలు లెక్కగట్టే ఈ యంత్రానికి, అంటే 'డిఫరెన్స్ ఇంజిన్'కి, సుమారు 25,000 భాగాలు కావాలి. ఒక పళ్లచక్రానికీ ఇంకోదానికీ వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. అలాంటివి చేయాలంటే ముందు వాటిని చేసే పనిముట్లు చేసుకోవాలి. జోసెఫ్ క్లెమెంట్ అనే చేయి తిరిగిన పనివాడు దొరికాడు. పదేళ్లకి యంత్రంలో ఏడో వంతు తయారైంది. అది భేషుగ్గా తిరిగింది కూడా. బాబేజ్ గారు శనివారాల్లో ఇంటికొచ్చిన పెద్దమనుషులకి దాన్నే తిప్పి చూపించేవారు. ఇంతలో వర్క్‌షాపుని బాబేజ్ ఇంటి దగ్గరికి మార్చాలన్నారు. నాకెంతిస్తారన్నాడు క్లెమెంట్. బేరం తెగలేదు, 1833లో పని ఆగింది. పనిముట్లు మాత్రం అప్పటి ఆనవాయితీ ప్రకారం క్లెమెంట్‌కే దక్కాయి. ప్రభుత్వానికి బిల్లులు దక్కాయి.

సామాన్యుడైతే ఇక్కడ కుంగిపోతాడు. బాబేజ్ మాత్రం 1834లో కొత్త వెర్షన్ ఆలోచించాడు. పేరు 'అనలిటికల్ ఇంజిన్'. లెక్కలు చేసే చోటుకి 'మిల్' అని, అంకెలు దాచే చోటుకి 'స్టోర్' అని పేర్లు. ధర్మవరంలో మగ్గం మీద వేలాడే జాకార్డు అట్టలు చూశారా? అట్టకి రంధ్రం ఉన్నచోట కొక్కెం దారాన్ని పైకి లేపుతుంది, లేనిచోట వదిలేస్తుంది, చీర అంచు మీద హంస తేలుతుంది. ఆ అట్టలతోనే అంకెల్ని నేయొచ్చని ఆయన ఊహ. నిజంగా గొప్ప ఊహ, ఇక్కడ వెటకారమేమీ లేదు. కాకపోతే మొదటిది ఏమైందని ప్రభుత్వం అడుగుతుంటే, అంతకంటే మంచిది తట్టింది అని చెప్పేంత గుండె ధైర్యం కూడా చిన్నదేం కాదు.

1842 నాటికి 17,000 పౌండ్లు కరిగాయి. బాబేజ్‌నీ ఆయన యంత్రాన్నీ ఎలా వదిలించుకోవాలిరా దేవుడా అని ప్రధాని రాబర్ట్ పీల్ ఒక ఉత్తరంలో మొరపెట్టుకున్నాడు. చివరికి డబ్బు ఆపేసి వదిలించుకున్నాడు.

మరుసటి ఏడాది ఏడా లవ్‌లేస్ అనే గణితవేత్త రంగంలోకి దిగింది. అనలిటికల్ ఇంజిన్ మీద మెనబ్రేయా అనే ఇటాలియన్ ఇంజనీరు రాసిన ఫ్రెంచి వ్యాసాన్ని అనువదిస్తూ, అసలుకి దాదాపు మూడింతల నోట్సు తగిలించింది. బెర్నూలీ సంఖ్యలనే ఒక గణిత వరసని ఆ యంత్రం ఎలా లెక్కగట్టాలో అందులో అంచెలంచెలుగా రాసింది, అంటే ప్రోగ్రామన్నమాట. యంత్రమేమో కాగితం దాటలేదు. ఆలూ లేదు, చూలూ లేదు, సోమలింగానికి అప్పుడే అక్షరాభ్యాసం అయిపోయింది.

క్లయింట్ మీటింగులు కూడా బాబేజ్ గారి పుణ్యమే. తప్పుడు అంకెలు వేస్తే మీ యంత్రం సరైన జవాబు ఇస్తుందా అని ఇద్దరు పార్లమెంటు సభ్యులు వేర్వేరుగా అడిగారట. ఇలాంటి ప్రశ్న పుట్టడానికి బుర్రలో ఎలాంటి గందరగోళం ఉండాలో తనకి అంతుపట్టలేదని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. మనవాళ్లయితే 'నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం సార్' అని ఉండేవాళ్లు. ఆ ఒక్క మెళకువ ఆయనకి అబ్బలేదు.

వర్క్ ఫ్రం హోం కష్టాలూ ఆయనే ముందు పడ్డాడు. లండన్ డోర్సెట్ స్ట్రీట్‌లో ఇల్లు. కిటికీ కింద చేత్తో తిప్పే వాద్యపెట్టెలతో పాటలు వాయించేవాళ్లు. 165 సార్లు పని చెడగొట్టారని లెక్కగట్టాడు. పని సామర్థ్యంలో నాలుగో వంతు వీళ్లకే పోయిందన్నాడు. పోలీసుల్ని పిలిచేకొద్దీ పంతం పెరిగింది. ఒకసారి బ్యాండు మేళం ఆయన ఇంటి ముందు ఐదు గంటలు వాయించింది. 1864లో వీధి సంగీతం మీద చట్టం తెచ్చేదాకా వాదించినవాళ్లలో ఆయనా ఉన్నాడు. గమనించండి, గడువులోగా అయిన ప్రాజెక్టు ఇదొక్కటే. అందులో పళ్లచక్రాలు లేవు.

1871లో ఆయన పోయాడు. 1847, 1849 మధ్య గీసిన 'డిఫరెన్స్ ఇంజిన్ నంబర్ 2' బొమ్మల్ని పట్టుకుని, ఆయన కాలం నాటి పనితనానికి మించకుండా, లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు 1991లో ఆ యంత్రాన్ని కట్టారు. ఆయన రెండొందల పుట్టినరోజు ఏడాది అది. హ్యాండిల్ తిప్పితే 31 అంకెల దాకా జవాబులొచ్చాయి, తప్పు లేకుండా. ఆ జవాబుల్ని మనుషులు ఎక్కించుకుంటే మళ్లీ తప్పులు దొర్లుతాయని బాబేజ్ గారు ముందుచూపుతో ప్రింటర్ కూడా గీసి పెట్టారు.

ప్రింటర్ మాత్రం 2002లో వచ్చింది.